చేపల ట్రక్కులో బామ్మ గది

కూర్చోవే హారికా. గుమ్మంలో నిలబడి, ఒక చేతిలో ఫోనూ ఇంకో చేతిలో స్క్రూడ్రైవరూ పెట్టుకుని వినే మాట కాదిది. ఆ పీట లాక్కుని నా ఎదురుగా కూర్చుని సరిగ్గా విను. రికార్డింగు నొక్కావా? ఎర్రచుక్క వెలగాలన్నావుగా, ఏదీ? ఆఁ, వెలిగింది. ఇక మధ్యలో లేవకు. నిన్న నీ స్నేహితుల ముందు అరిచానని అలిగి, మజ్జిగైనా తాగకుండా పడుకున్నావట, మీ అమ్మ చెప్పింది. అరిచిన మాట నిజమే. గుడివాడలో ఎవరో అమ్మేస్తుంటే సరుకులు మోసే ట్రైలరు కొనుక్కొచ్చావు. మన పెరట్లో పెట్టి రేకులు కోసి, ప్లైవుడ్ బిగించి, పొయ్యికో మూల, ఫ్యానుకో మూల అని ఎంతో ముచ్చటగా చేసుకుంటున్నావు. "కారు వెనక తగిలించుకుంటే ఎక్కడ పొద్దుపోతే అక్కడే మనిల్లు అమ్మమ్మా" అన్నావు. అంతవరకూ నేనేమైనా అన్నానా? ఆ పిల్లలకి టీలు కూడా నేనే పెట్టించాను. నిన్న టేపు కనపడలేదని నువ్వు ఆ చెక్కల మీద వెల్లకిలా పడుకుని, చేతులు పక్కన పెట్టుకుని, "నా తల దగ్గరా కాళ్ళ దగ్గరా గీతలు గీయండర్రా, మంచం కొలత వచ్చేస్తుంది" అన్నావు చూడు, అప్పుడే నా నోట్లోంచి ఆ కేక వచ్చింది. "లే అక్కణ్ణుంచి" అని. అది నిన్ను చూసి వేసిన కేక కాదే. మీ ముత్తాతని చూసి, అంటే మా నాన్నని చూసి వేసింది. ఆ వేళ నాకు వెయ్యాలని తెలీదు.

ఇలాంటి బండి మా ఇంట్లోనూ ఉండేది. నవ్వకు. మీరు ట్రైలరంటారు, మేం ట్రక్కు అనేవాళ్ళం, ట్రాక్టరు వెనక కట్టేది. దాని మీద మా నాన్న గది కట్టాడు. నీలాగా ఊళ్ళు తిరగడానికి కాదు. మా బామ్మ, అంటే నాన్న వాళ్ళమ్మ, చచ్చిపోవడానికి.

అప్పుడు మేం ఈ బందరులోనే అద్దెకుండేవాళ్ళం. నాన్న కచేరీలో గుమాస్తా. వెంకాయమ్మ గారని ఒకావిడ, భర్త పోయినావిడ, తన ఇంటిని వాటాలు చేసి అద్దెకిచ్చి, వీధి గదిలో తనుండేది. మాది వెనక వాటా. ఒక వసారా, ఒక గది, గదికి ఆనుకుని సామాన్ల కొట్టు. తెల్లారకముందే బావి దగ్గర గిలక కీచుమనేది. అది బామ్మ లేచిందనడానికి గుర్తు. తడిబట్టతో నీళ్ళు తెచ్చుకుని, మడి కట్టుకుని, కుంపట్లో బొగ్గులు రాజేసేది. ఆ బొగ్గుల వాసన, దాని వెనక కాఫీ గింజలు వేగిన వాసన, ఆ తరవాత నాన్న వాడే తెల్ల సబ్బు వాసన, అదీ వరస. గాలి మళ్ళి రేవు వైపు నుంచి వీచిందంటే వీటన్నిటినీ మింగేస్తూ ఎండుచేపల వాసన వచ్చేది. బామ్మ అప్పుడు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "నారాయణా, సముద్రుడు మళ్ళీ వంట మొదలెట్టాడు" అనేది. ఉల్లిపాయ తరిగిన కత్తిపీట వేరు, బామ్మ కత్తిపీట వేరు. నేను బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోకుండా తగిలితే మళ్ళీ బావి దగ్గరికి నడిచేది పాపం, తిట్టుకుంటూ. నాన్నంటే ఎంత ప్రాణమో అంత సాధింపు. "ఒరే, నీకు మీ నాన్న ఒడ్డూ పొడుగూ రాలేదురా, నా పొడుగొచ్చింది. గోడకి ఆనుకుంటే ఇద్దరం ఒకే మేకుకి తగులుతాం" అనేది. ఆ మాట గుర్తుపెట్టుకో.

అద్దె ఇంట్లో అన్నిటికీ సర్దుకోవచ్చు, చావుకి సర్దుకోడం కుదరదు. ఇప్పటి పిల్లలకి తెలియకపోవచ్చు. అద్దెకున్నవాళ్ళలో ఎవరైనా పోయేలా ఉంటే, ఇంటివాళ్ళు ముందుగానే వచ్చి, వేరే చోటు చూసుకోండని చెప్పేవాళ్ళు. ఎందుకంటే నక్షత్రం. ధనిష్ఠ పంచకంలో పోయారనుకో, ఆ ఇల్లు నెలల తరబడి తాళం వేసి వదిలెయ్యాలి. వాటాలన్నీ ఖాళీ. ఇంటావిడకి బతుకుతెరువు ఆ అద్దెలే. నేను వెంకాయమ్మ గారిని తప్పు పట్టడం లేదు. అప్పుడు పట్టాను. ఇప్పుడు నాకూ వయసొచ్చింది.

అంతకుముందు పక్క వాటాలో ఒక బడిపంతులు గారుండేవారు. వాళ్ళ నాన్నగారికి ఆయాసం ఎక్కువైతే వెంకాయమ్మ గారు వచ్చి నిలబడ్డారు. ఆ పెద్దాయన్ని రిక్షాలో కూర్చోబెట్టి బంధువులింటికి తీసుకెళ్తుంటే రైలు గేటు పడింది. గేటు తీసేలోగా ఆయన పోయారు. రిక్షాలో కూర్చున్నవారు కూర్చున్నట్టే. ఇక బంధువులు మాత్రం ఎలా రానిస్తారు? మా నాన్న ఆ రిక్షా వెంట నడిచాడు. ఎండలో, పంచె కప్పిన మనిషితో ఆ రిక్షా ఎక్కడికి తిప్పాలో తెలియక రోడ్డు పక్కన నిలబడిపోయిందట. ఇంటికొచ్చి నూతి దగ్గర నీళ్ళు పోసుకుంటూ, "మా అమ్మని ఇలా పోనివ్వను" అన్నాడు. ఎవరితోనూ కాదు, ఆ చేదతో అన్నట్టు అన్నాడు.

బామ్మకి జబ్బు చేసింది. జ్వరం, తరవాత గొంతు దిగని అన్నం, తరవాత మాట లేకపోవడం. సామాన్ల కొట్టు ఖాళీ చేసి అందులో పడుకోబెట్టాం, కిటికీ లేని కొట్టు. డాక్టరు గారు వచ్చి నాడి చూసి, బయట వసారాలోకి నాన్నని పిలిచి, ఎన్నో రోజులు లేవన్నారు. ఆ మాట గోడలు దాటి వెళ్ళింది. పొద్దున్నే వెంకాయమ్మ గారు వచ్చి మా గుమ్మం బయటే నిలబడ్డారు. నాన్నని అందరూ పంతులుగారనే పిలిచేవారు.

"పంతులుగారూ, నా నోటితో అనకూడదు. పెద్దావిడ నాకూ తల్లిలాంటిదే."

"చెప్పండమ్మా."

"మీకు తెలియనిదా అండీ? ఎక్కడైనా సొంతవాళ్ళుంటే..."

"దివిసీమలో మాకు ఇంటి స్థలం ఉందండీ. ఇల్లు గాలివానకి పడిపోయింది. మొండి గోడలే."

"అక్కడో పాకైనా వేయించుకోలేకపోయారా ఇన్నాళ్ళూ?"

అమ్మ లోపల్నుంచి, "పాకలో ఆవిడ్ని ఎవరు చూస్తారండీ? ఉద్యోగం ఇక్కడ, పిల్ల చదువిక్కడ" అంది.

"నేను కాదనడం లేదమ్మా. నా గతి కూడా చూడండి" అని కళ్ళొత్తుకుని వెళ్ళిపోయారావిడ. సాయంత్రం ఒక గిన్నెడు పాలు పంపించారు. అదీ మనిషంటే.

పోలయ్య అని ఒకతను ఉండేవాడు, రేవులో జాలరుల ఇంటివాడు. ట్రాక్టరు వెనక ట్రక్కు కట్టుకుని ఐసు దిమ్మలూ చేపల బుట్టలూ తోలేవాడు. వాళ్ళ అర్జీలు నాన్న రాసిపెడుతుండడం వల్ల నాన్నంటే మర్యాద. అతని ట్రక్కు ఒకటి కాలవ వంతెన దిగుతూ పల్టీ కొట్టి పక్కలు వంకర పోయింది. పాత సామాన్లవాడికి వేసెయ్యాలని షెడ్డులో పడేశాడు. నాన్న అది చూసి వచ్చిన రోజు అన్నం ముందు కూర్చుని, "ఇల్లు వెంకాయమ్మ గారిది. రోడ్డు సర్కారుది. ట్రక్కు మాత్రం నాది అవుతుంది. చక్రాల మీద ఇంటికి నక్షత్రం ఏం పడుతుంది?" అన్నాడు. అమ్మకి మతిపోయింది. "చేపల బండిలోనా? అత్తయ్య గారినా?" అంది. "కడుగుతాం" అన్నాడు నాన్న.

కచేరీకి సెలవు పెట్టి ఆ షెడ్డులోనే ఉండేవాడు. నేను బడి అవగానే క్యారేజీ పట్టుకుని వెళ్ళేదాన్ని. వంకర పోయిన ఇనప పక్కల్ని పోలయ్య కాల్చి, సుత్తితో కొట్టి నిలబెట్టాడు. పాత చెక్కపెట్టెలు విడగొట్టి ఆ చెక్కలతో గోడలు. పైన వెదురు వంచి, తాటాకు చాప వేసి, దాని మీద రేకు. రేకు ఒక్కటే వేస్తే పెద్దావిడ ఎండకి ఉడికిపోతుందని చాప సంగతి చెప్పింది అమ్మ. దీపానికి గూడూ, మందు సీసాలకి కర్ర అడ్డం పెట్టిన అలమరా కూడా అమ్మ చెప్పినవే. కలం పట్టిన చెయ్యి కదా నాన్నది, బొటనవేలు గోరు నల్లబడింది, అరచేతులు బొబ్బలు కట్టాయి. పోలయ్య నవ్వి, "బాబుగారూ, మేకు మీ శత్రువు కాదండీ, అంత కోపంగా కొట్టకండి" అనేవాడు. రెండు చక్రాల ట్రక్కు కాబట్టి ముందు కొక్కెం కింద రాళ్ళు పేర్చాలి, అయినా వెనక బరువు పడితే ముందుభాగం పైకి లేస్తుంది. దానికి ముందు మూల ఇసక మూటలు పెట్టారు. ఇక తలుపు. పోలయ్య మనిషి పట్టేంత తలుపు పెడదామంటే నాన్న ఒప్పుకోలేదు. వెనకవైపు మొత్తం తెరుచుకునే తలుపు పెట్టించాడు. "ఎక్కేటప్పుడు ఒక్క మనిషే ఎక్కుతుంది పోలయ్యా. దింపేటప్పుడు నలుగురు మోస్తారు" అన్నాడు. అంత మామూలుగా అన్నాడే ఆ మాట, రేషన్ సంగతి చెప్పినట్టు.

బల్ల ఎంత పొడుగు పెట్టాలని పోలయ్య అడిగాడు. నాన్న జేబులు తడుముకున్నాడు, కొలత దారం ఇంటిదగ్గర మర్చిపోయాడు. "మా అమ్మదీ నాదీ ఒకటే పొడుగులే" అని చొక్కా విప్పి, ఆ చెక్కల మీద వెల్లకిలా పడుకున్నాడు. చేతులు పక్కన పెట్టుకున్నాడు. "గియ్యి" అన్నాడు. పోలయ్య బొగ్గుముక్కతో తల దగ్గర ఒక గీత, కాళ్ళ దగ్గర ఒక గీత గీశాడు. నేను క్యారేజీ పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. నాన్న తల తిప్పి నన్ను చూసి, "హాయిగా ఉందే అమ్మలూ, నిద్రొచ్చేలా ఉంది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వాను కూడా.

పసుపు నీళ్ళతో కడిగారు, పేడతో అలికారు, సాంబ్రాణి వేశారు. చేపల వాసన ఎక్కడికీ పోలేదు. పోలయ్య ట్రాక్టరుతో లాక్కొచ్చి మా సందులో ప్రహరీ పక్కన, రోడ్డు అంచున నిలబెట్టాడు. ఆ మధ్యాహ్నమే బామ్మకి గొంతులో గురక మొదలైంది. శాస్త్రం ప్రకారం ఆఖరి ఘడియల్లో మంచం మీద ఉంచకూడదు కదా. కిందికి దింపి, దర్భలు వేసి, నోట్లో తులసి తీర్థం పోశారు. అలా దింపిన మనిషినే దుప్పట్లో మోసుకుని గుమ్మం దాటించి, ట్రక్కులోకి ఎక్కించారు. నాన్న అడుగు వేసినప్పుడల్లా ఆ గది ఊగింది. వెంకాయమ్మ గారు వీధి అరుగు మీద నిలబడి దణ్ణం పెట్టారు. మేమంతా కింద కూర్చుని చూస్తున్నాం.

సాయంకాలం గాలి వచ్చింది. ఆ గదికి రెండువైపులా కిటికీలు. బామ్మ గురక తగ్గింది. తెల్లారేసరికి కళ్ళు తెరిచింది. పైన రేకుని చూసింది, కిటికీని చూసింది, నాన్నని చూసింది. ఇన్నాళ్ళూ మాటలేని మనిషి, "ఒరే, నన్ను రైలెక్కించారా? ఎప్పుడు కదుల్తుంది?" అంది. అమ్మ ఏడుస్తూ నవ్వింది. తరవాత బామ్మ ముక్కు ఎగబీల్చి, "ఇదేం వాసనరా?" అంది.

"సముద్రం గాలమ్మా" అన్నాడు నాన్న.

"నాకు పోవాల్సింది ప్రాణంరా, ముక్కు కాదు."

అదీ మేం చేసిన పొరపాటు. ఒకరోజు ముందు దింపేశాం. ఆ కిటికీలేని కొట్టే ఆవిణ్ణి సగం చంపిందో ఏమో, గాలీ వెలుతురూ తగిలేసరికి లేచి కూర్చుంది. వారం తిరిగేసరికి బందరు హల్వా అడిగింది. నాన్న వెంకాయమ్మ గారి దగ్గరికి వెళ్ళి, అమ్మని మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకుంటామన్నాడు. ఆవిడ ముఖం తెల్లబోయింది. "దర్భల మీదకి దింపిన మనిషిని, చావుకని గుమ్మం దాటించిన మనిషిని మళ్ళీ లోపలికి ఎలా తెస్తారండీ? అరిష్టం కాదూ? మిగతా వాటాలవాళ్ళు ఊరుకుంటారా?" అన్నారు. ఊరుకోలేదు కూడా. ఊళ్ళో పురోహితుణ్ణి అడిగితే ఆయనా అదే చెప్పాడు. అంతే. బామ్మ బతికింది కాబట్టి ఇల్లు పోయింది.

అలా నెలలు గడిచాయి. అమ్మ ఇంట్లో వండి, గిన్నె మీద విస్తరాకు కప్పి, సందంతా తిరిగి రోడ్డు మీదికి తెచ్చి పెట్టేది. ఎండాకాలం ఎలాగో గడిచింది. వానలు పడ్డాక మాత్రం చెక్కల్లోంచి చేపల వాసన ఊట ఊరినట్టు ఊరేది. మడికట్టుకుని చారు తప్ప ముట్టని ఆవిడ ఆ వాసనలో కూర్చుని జపం చేసుకునేది. బడిలో పిల్లలు దాన్ని చావుబండి అనేవాళ్ళు. "మీ బామ్మ ఇంకా పోలేదా? బండికి టికెట్టు దొరకలేదా?" అని అడిగేవాళ్ళు. దారిన పోయే పెద్దవాళ్ళు కూడా తక్కువేం కాదు, "పంతులుగారూ, ఇంటిపన్ను కడతారా, బండిపన్ను కడతారా?" అనేవాళ్ళు. నాన్న నవ్వేసేవాడు. బామ్మకి తోడు నేను పడుకునేదాన్ని. నాన్న ట్రక్కు కింద, చక్రాల మధ్య చాప వేసుకుని పడుకునేవాడు. పైన ఆవిడ పక్కకి ఒత్తిగిలితే గది కిర్రుమనేది. కింద నుంచి, "అమ్మా, ఏం కావాలి?" అనేవాడు వెంటనే. నిద్రపోయేవాడు కాదే ఆయన. చిక్కిపోయాడు. చొక్కా భుజాల మీద నిలిచేది కాదు. ఒకటి రెండుసార్లు గుండెల మీద చెయ్యి వేసుకుని రాసుకుంటుంటే చూశాను. గ్యాసన్నాడు. బామ్మ అవన్నీ చూస్తూనే ఉండేది. ఒకరోజు నా జడ వేస్తూ, "నేను వెళ్ళాలే అమ్మలూ. నేను వెళ్తే గానీ వాడు నేల మీద నుంచి లేవడు. ఎంత అడిగినా ఆ దేవుడికి నా ముఖం గుర్తు రావడం లేదు" అంది. ఆ తరవాత రెండు పూటలు అన్నం మానేసింది. నాన్న వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుని, "నువ్వు పోవడానికి కట్టలేదమ్మా. నీకంటూ చోటుండాలని కట్టాను" అని బతిమాలి తినిపించాడు.

ఒక పొద్దున నాన్న కచేరీకి వెళ్ళడానికి స్నానం చెయ్యాలని నూతి దగ్గరికి వెళ్ళాడు. నేను ట్రక్కులో పుస్తకాలు సర్దుకుంటున్నాను. గిలక కీచుమంది. తరవాత చేద నీళ్ళలో పడ్డ చప్పుడు, తాడంతా జారిపోయిన చప్పుడు. బామ్మ కిటికీలోంచి, "ఎవరే చేద వదిలేసింది?" అంది. నేను వెళ్ళేసరికి నాన్న నూతి గట్టుకి ఆనుకుని కూర్చున్నాడు, ఒంటి మీద సబ్బు నురగ అలాగే ఉంది. తల వంచుకుని ఏదో వెతుక్కుంటున్నట్టు. నలభై నిండలేదు. అమ్మ కేక విని వాటాలవాళ్ళంతా వచ్చారు. ఎవరో నాడి పట్టుకుని చూసి వదిలేశారు. వెంకాయమ్మ గారు నెత్తి కొట్టుకుంటూ, "ఇంట్లోకి వద్దు నాయనా, ఇంట్లోకి తేవద్దు" అన్నారు. అన్న తరవాత నోరు మూసుకుని అక్కడే కూలబడ్డారు. ఎక్కడికి తీసుకెళ్ళాలి? అందరూ ప్రహరీ బయటికి చూశారు.

ముందు బామ్మని దింపాలి. రెండో మనిషిని పడుకోబెట్టే బల్ల లేదు అందులో. ఇద్దరు పట్టుకుని దింపి, రోడ్డు పక్కన పీట వేసి కూర్చోబెట్టారు. ఎండగా ఉందని ఎవరో గొడుగు పట్టారు. వెనక తలుపు మొత్తం తెరిచారు. నలుగురూ మోసుకొచ్చి ఎక్కిస్తుంటే బరువుకి ట్రక్కు వెనక్కి ఒరిగింది, ముందు రాళ్ళ మీద నుంచి కొక్కెం పైకి లేచింది. కబురందుకుని పరిగెత్తుకొచ్చిన పోలయ్య రెండు చేతులతో ఆ కొక్కేన్ని కిందికి అదిమిపట్టి, దాని మీద ఒంగి పడుకున్నాడు. అలా ఉండే ఏడ్చాడు. ఎంత కడిగినా పోని ఆ బొగ్గు గీతలు బల్ల మీద ఇంకా ఉన్నాయి. ఒకటి తల దగ్గర, ఒకటి కాళ్ళ దగ్గర. సరిగ్గా సరిపోయాడే నాన్న. ఒక్క అంగుళం ఇటూ అటూ లేదు. బామ్మ గొడుగు కింద నుంచి చూస్తూ, ఒక్క కన్నీటి చుక్క లేదు, "నా చోట్లో పడుకున్నాడు. లేపండి వాణ్ణి. ఆఫీసుకి వేళైంది" అంది.

ఎవరో దూరపు జ్ఞాతి అబ్బాయి వచ్చి తలకొరివి పెట్టాడు. నాన్న పోయింది ధనిష్ఠలోనే. వెంకాయమ్మ గారు పురోహితుడి కాళ్ళు పట్టుకున్నంత పని చేశారు. "నూతి గట్టు ఇల్లు కాదు కదండీ, ఆరుబయలే కదండీ" అని. ఆయన, "ప్రహరీ లోపలిదంతా ఇల్లే అమ్మా" అన్నాడు. వాటాలవాళ్ళు ఒక్కొక్కరే సామాన్లు సర్దుకున్నారు. చివరికి ఆవిడే తన ఇంటికి తాళం వేసుకోవాల్సి వచ్చింది. గుడివాడలో తమ్ముడి దగ్గరికి పోవాలి, స్టేషను దాకా వెళ్ళాలి. మేమా, మా దివిసీమ స్థలానికి వెళ్ళాలి. పోలయ్య ట్రాక్టరు తెచ్చి ట్రక్కుకి తగిలించాడు. అమ్మ, బామ్మ, నేను, మూటలు, నాన్న అస్థికల కుండ. వెంకాయమ్మ గారు ఒక ఇత్తడి బిందె ఒళ్ళో పెట్టుకుని ఆ అరుగు మీదే కూర్చుని ఉన్నారు. రిక్షా రాలేదు. ఆ సామానుతో, ఆ ఇంటి ముందుకి ఎవడొస్తాడు?

బామ్మ కిటికీలోంచి పిలిచింది. "వెంకాయమ్మా, రా. స్టేషను దగ్గర దింపుతాడు పోలయ్య."

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"మొహమాటం దేనికే? సర్దుకుని కూర్చుందాం. ఇది నా ఇల్లే. ఎవరినీ అడగక్కర్లేదు" అంది బామ్మ.

ఆవిడ ఎక్కింది. బామ్మ పక్కన, బొగ్గు గీత మీద కూర్చుంది. స్టేషను దాకా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. దిగేటప్పుడు ఆవిడ బామ్మ కాళ్ళకి దణ్ణం పెట్టబోతే బామ్మ కాళ్ళు వెనక్కి తీసుకుంది. "మైలలో ఉన్నాను, వద్దు" అంది. ఆ మాటలో ఎంత ఉందో నాకు ఇప్పటికీ తేలదు.

పాలకాయతిప్ప దగ్గర, కృష్ణ సముద్రంలో కలిసే చోట, నాన్నని కలిపేశాం. ట్రక్కు ఇసకలో దిగబడుతుందని పోలయ్య గట్టునే ఆపాడు. బామ్మ దిగలేదు. వెనక తలుపు తెరిపించుకుని అందులోంచే చూసింది. మా స్థలంలో మొండి గోడల మధ్య ట్రక్కుని నిలబెట్టి, పోలయ్య అది మాకే వదిలేసి వెళ్ళాడు. అమ్మ అవనిగడ్డలో పిల్లల హాస్టల్లో వంటకి కుదిరింది. నేను పెద్దయిందీ, పరీక్షలకి చదివిందీ ఆ గదిలోనే. చక్రాలు నేలలోకి కుంగిపోయాయి, గడ్డి ఎక్కింది, చెదలు పట్టాయి. వానొస్తే అదే చేపల వాసన. బామ్మ ఎన్నో ఏళ్ళు బతికింది. ఆ బల్ల మీద మాత్రం మళ్ళీ పడుకోలేదు, పక్కన చాప వేసుకునేది. చివరికి ఆవిడకి నిజంగా వేళ వచ్చినప్పుడు అమ్మని పిలిచి, "నన్ను దింపు. మట్టి మీదికి దింపు. ఇది వాడి ఇల్లు" అంది. దింపాం. ఈసారి పొరపాటు జరగలేదు.

ఇప్పుడు మనకి ఈ ఇల్లుంది. మీ తాతయ్యా నేనూ కష్టపడి కట్టుకున్నాం, ఎవరి నక్షత్రం ఏదైనా ఎవరూ పొమ్మనరు. కాలం మారిందని మీరంటారు. మొన్న విజయవాడలో నీ స్నేహితురాలి నాన్నగారు పోతే ఏమైంది? అపార్టుమెంటువాళ్ళు లిఫ్టు వద్దన్నారు, పైకి తేవద్దన్నారు, కింద కార్ల మధ్య అద్దాలపెట్టెలో పెట్టారు. కన్నబిడ్డ పక్కన స్కూటరు మీద కూర్చుని ఏడ్చిందని నువ్వే చెప్పావు. ఏం మారిందే? మా నాన్నకి కనీసం గుడ్డో మెల్లో తను కట్టుకున్న కప్పు దొరికింది. చేపల వాసనే కానీ ఒకళ్ళ వాటా కాదు. నువ్వు ఊళ్ళు తిరగడానికి చేసుకుంటున్నావు, చేసుకో. మా నాన్న కడితే ముసలమ్మకి చావుబండి, నువ్వు కడితే ఫోటోలు. నాకు అసూయ కాదే, సంతోషమే. ఆ బండి పూర్తయ్యాక నన్ను ఒక్కసారి పాలకాయతిప్ప తీసుకెళ్ళు. పడుకోబెట్టి కాదు, కిటికీ పక్కన కూర్చోబెట్టి తీసుకెళ్ళు. కొలతలు మాత్రం టేపుతోనే తీసుకో, ఒంటితో వద్దు. ఇంకో మాట. పక్కన ఆ సన్నటి తలుపు పెట్టావు చూడు, నువ్వొక్కదానివే దూరేంత. అది తీసేయించు. వెనక మొత్తం తెరుచుకునేలా...

"అమ్మా, అన్నం వడ్డించానే! చారు చల్లారిపోతోంది!"

వస్తున్నానే సరళా, అరవకు! మీ అమ్మకి నేనేదైనా చెప్పడం మొదలెడితేనే ఆకలి గుర్తొస్తుంది. చెయ్యి ఇయ్యి, మోకాళ్ళు పట్టేశాయి. ఏం చెప్తున్నాను? ఆఁ, తలుపు. వెడల్పుగా పెట్టించు తల్లీ, ఎందుకంటే ఎప్పటికైనా నన్ను అందులోంచి